చదవడం వచ్చిన పిల్లలకి కూడా చదివి వినిపించాలి

అక్షరాలు రాని పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని కథల పుస్తకాలు చదువుతాం. ఒకటో తరగతిలోనో రెండో తరగతిలోనో కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారో లేదో, 'ఇక నువ్వే చదువుకో' అని పుస్తకం చేతిలో పెట్టేసి మన ఫోన్ మనం తీసుకుంటాం. చాలామంది పిల్లలు పుస్తకానికి దూరమయ్యేది సరిగ్గా అక్కడే అని నా అనుమానం. అనుమానం అంటున్నా గానీ, మా ఇంట్లోనూ మా అపార్ట్‌మెంట్ పిల్లల్లోనూ మా వదిన పనిచేసే సర్కారు బడిలోనూ చూస్తూ వచ్చాక అది దాదాపు నమ్మకమే అయిపోయింది.

ఎందుకంటే ఏడేళ్ల పిల్ల సొంతంగా చదవగలిగేది వేరు, విని అర్థం చేసుకోగలిగేది వేరు. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు తనంతట తాను చదవగలిగినవి 'పిల్లి పాలు తాగింది' లాంటి వాక్యాలు. అదే పిల్ల రాత్రి మా అమ్మ పక్కలో చేరి విరాటపర్వం వింటూ, అజ్ఞాతవాసంలో ఎవరు ఏ వేషం కట్టారో మొత్తం గుర్తుపెట్టుకుని, మా అమ్మ నకులుణ్ని సహదేవుణ్ని అటూ ఇటూ చేస్తే 'కాదు నానమ్మా, గుర్రాలు నకులుడివి, ఆవులు సహదేవుడివి' అని దిద్దేది. ఆ బుర్రకి పిల్లి పాలు తాగిన సంగతి ఒక్కటే ఇచ్చి, పుస్తకం అంటే ఇంతే అనిపించేలా చేస్తే, ఆ తర్వాత దాన్ని ముట్టుకోకపోవడం తెలివైన పనే కదా! సొంతంగా చదివే స్థాయి వినే స్థాయిని అందుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలోనే మనం చదివి వినిపించడం మానేస్తున్నాం.

1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి చాలా సింపుల్ లెక్క ఒకటి చెప్పారు. చదివింది అర్థం కావాలంటే రెండు ఉండాలి, రాసింది పలకగలగాలి, ఆ మాటలు వింటే అర్థమయ్యేంత భాషా ఉండాలి. ఈ రెండింటినీ కూడకూడదు, హెచ్చవేయాలి అన్నారు వాళ్లు. అంటే ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే. ఈ లెక్క పట్టుకుని మన హైదరాబాద్ ఇంగ్లీష్ మీడియం పిల్లల్ని ఒకసారి చూడండి. ఇంగ్లీషు పేజీ గడగడా చదివేస్తారు, ఏముందిరా అందులో అంటే నీళ్లు నములుతారు. తెలుగు కథ వింటే పడీపడీ నవ్వుతారు, అదే కథ చేతికిస్తే రెండో లైనులో ఒత్తు దగ్గర ఆగిపోతారు. ఒక్కో భాషలో ఒక్కో సున్నా. ప్రోగ్రెస్ రిపోర్టులో మాత్రం రెండింటికీ ఎ ప్లస్సే.

తెలుగు దగ్గర ఆగిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని మనం పిల్లల మీదికి నెట్టేస్తుంటాం. అక్షరాలు యాభై ఆరేగా అంటాం గానీ, వాటికి గుణింతాలు, వాటి కింద ఒత్తులు, ఒత్తు మీద మళ్లీ గుణింతం, అన్నీ కలిపితే పిల్ల గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. ఇంగ్లీషులా రాసేదొకటి పలికేదొకటి కాదు కాబట్టి ఒకసారి పట్టుబడితే ఇక ఢోకా లేదు, కానీ పట్టుబడటానికే టైమ్ పడుతుంది. సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటున్నారో పరిశీలించి 2007లో రాసినదాని ప్రకారం, అక్షరాల రూపాలన్నీ పట్టుబడటం నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుంది. కన్నడ లిపీ మన లిపీ ఒకే మూలం నుంచి వచ్చినవే కాబట్టి మన పిల్లల సంగతీ ఇంచుమించు అంతే అనుకోవచ్చు. తెలంగాణలో 2018లో చట్టం వచ్చాక సీబీఎస్‌ఈ అయినా ఐసీఎస్‌ఈ అయినా తెలుగు తప్పనిసరి అయింది. దాంతో మూడో తరగతి పిల్లకి 'స్త్రీ' అన్న మాట చదవడం రాలేదని టెన్షన్ పడి ట్యూషన్ పెట్టించే తల్లిదండ్రులు మా అపార్ట్‌మెంట్‌లోనే కనిపిస్తున్నారు. ఆ ట్యూషన్‌లో చేయించేది మళ్లీ గుణింతాలు పదిసార్లు రాయించడమే.

నేను చేసేది ఇంత. రాత్రి అన్నాలయ్యాక, పడుకోబోయే ముందు ఓ పావుగంట. పుస్తకం ఇద్దరి మధ్యా ఉంటుంది, చదివేది నేనే, నా వేలు మాత్రం లైను కింద కదులుతూ ఉంటుంది. కథ మంచి రసపట్టులో ఉన్నప్పుడు, పాత్ర నోరు తెరవబోయే చోట ఆగుతాను. ఒకరోజు బావిలో పడ్డ నక్క దగ్గర అలా ఆగితే, మా అమ్మాయి ముందుకి వంగి 'చచ్చాన్రా దేవుడా!' అని ఒక్క దెబ్బలో చదివేసింది. ఆ మాటలో చ కింద చ ఒత్తుంది, న కింద ర ఒత్తుంది. విడిగా బోర్డు మీద రాసి చదవమంటే తల గోక్కునేదే. నక్క ఆ టైమ్‌లో ఏమంటుందో తనకి ముందే తెలుసు కాబట్టి కళ్లు ఒత్తుల్ని లాగేసుకున్నాయి. హెచ్చవేత అంటే ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది.

ఇంకోటి. మాది సూర్యాపేట దిక్కు. ఇంట్లో మేం 'పోయిండు', 'ఏం జేస్తున్నవ్' అనే మాట్లాడుకుంటాం. పుస్తకంలో మాత్రం 'వెళ్లాడు', 'ఏం చేస్తున్నావు' అని ఉంటుంది. మొదట్లో పిల్లకి ఇది ఇంకో పరాయి భాషలాగే అనిపించింది, అందుకని నేను 'వెళ్లాడు' అని ఉన్నచోట 'పోయిండు' అనే చదివేవాణ్ని. మా బంధువుల్లో ఒకాయన విని 'గట్ల చదివితె పిల్ల భాష ఖరాబైతది' అన్నాడు. ఏమీ కాలేదు. కొన్నాళ్లకి కథ నడిపేటప్పుడు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదువుతూ, పాత్రలు మాట్లాడేచోట మాత్రం తనే మన యాసలోకి మార్చేసుకోవడం మొదలుపెట్టింది. పులి మాత్రం ఎందుకో హైదరాబాదీ హిందీ కలిపి మాట్లాడుతుంది. అది నేను నేర్పలేదు.

ఇప్పుడు బడి సంగతి. మా అమ్మాయి బడిలో వారానికో పుస్తకం ఇంటికిస్తారు, చాలా మంచి పని. దాంతోపాటు ఒక వర్క్‌షీట్ ఇస్తారు, అక్కడే గొడవ. పుస్తకం పేరు, రచయిత పేరు, కొత్త మాటలు ఐదు, వాటితో సొంత వాక్యాలు, కథలో నీతి, నచ్చిన పాత్ర బొమ్మ. ఒక్కసారి ఆ షీటు నింపిన పిల్ల తర్వాతి వారం లైబ్రరీ పీరియడ్‌లో ఏం చేస్తుందంటే, అన్నిటికంటే సన్నటి పుస్తకం వెతుకుతుంది. నీతి చివరి పేజీలో అచ్చేసి ఉన్న పుస్తకమైతే ఇంకా మంచిది! తరగతిలో పిల్లలంతా అవే నాలుగైదు పుస్తకాల కోసం కొట్టుకుంటున్నారని తనే చెప్పింది. టీచర్‌తో మాట్లాడితే ఆవిడ నొచ్చుకోకుండా విన్నది గానీ, 'షీటు లేకపోతే చదివారో లేదో మాకెలా తెలుస్తుంది సార్, పేరెంట్సే అడుగుతున్నారు ప్రూఫ్' అన్నది. నిజమే, అడిగేది మనమే.

పెద్దవాళ్లు 'మా చిన్నప్పుడు చందమామ కోసం ఎదురుచూసేవాళ్లం, ఈ పిల్లలకి ఫోన్ తప్ప ఏం పట్టదు' అని నిట్టూరుస్తుంటారు. 1947లో మొదలైన ఆ పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది, నిట్టూర్పులు మాత్రం ఆగలేదు. నాకు అందులో పనికొచ్చే సంగతి ఒక్కటే కనిపిస్తుంది. చందమామ చదివాక ఎవరూ వచ్చి కొత్త మాటలు ఐదు రాయమనలేదు. బేతాళుడు ప్రశ్న అడిగేవాడు గానీ విక్రమార్కుణ్ని, మనల్ని కాదు.

మా వదిన మలక్‌పేట అవతల ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్. వాళ్ల కష్టం వేరే రకం. అక్కడ పుస్తకాలు ఉన్నాయి, ఇనప బీరువాలో, తాళం వేసి. ఏ పుస్తకం చినిగినా పోయినా స్టాక్ రిజిస్టర్‌లో లెక్క చెప్పాలని హెడ్‌మాస్టర్లకి భయం. 2022 ఆగస్టులో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకి చదవడం, లెక్కలు గట్టిగా రావాలని 'తొలిమెట్టు' అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైనప్పుడు, ఎలాగూ పిల్లలతో చదివించాలి కదా అని ఆవిడ పట్టుబట్టి బీరువా తెరిపించింది. తరగతి గదిలో కిటికీ ఊచల నుంచి ఎదుటి గోడ మేకుకి తాడు కట్టి, బట్టలారేసే క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీసింది, ఒకటో తరగతి పిల్ల చెయ్యి అందే ఎత్తులో. చినిగిపోవా వదినా అంటే, 'చినిగితె చినగనియ్యి, బీరువాల దాసి ఎవలికి కట్నమియ్యాలె' అంది. ఇదే గడ్డ మీద రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. పుస్తకం జనం దగ్గరికి పోవాలని ఆ రోజుల్లో అంత తిప్పలు పడితే, మనం తెచ్చి తాళం వేస్తున్నాం.

వదిన ఇచ్చే హోంవర్క్ ఒక్కటే, తాడు మీది పుస్తకం ఇంటికి తీసుకెళ్లి ఇంట్లో ఎవరో ఒకరికి చదివి వినిపించాలి. రాయడం లేదు. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది పాలమూరు నుంచి వచ్చి కూలి చేసుకునేవాళ్లు, చాలామందికి చదువు రాదు. వాళ్లకేం వినిపిస్తారు, వాళ్లేం సరిచూస్తారు అని నేనూ అనుకున్నా. ఒక పిల్లాడు వాళ్లమ్మ రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చుని చదువుతూ, తొందరగా అవగొట్టి ఆడుకోవడానికి పోదామని మధ్యలో రెండు పేజీలు ఎగరగొట్టాడట. ఆమె పిండి చేత్తోనే వాణ్ని ఆపి, 'ఇప్పటిదాంక కోతి చెట్టు మీదుండె గద, నీళ్లల్లకెట్ల వచ్చె? మల్ల సదువు' అన్నదట. తెల్లారి వాడే వచ్చి టీచర్‌కి కంప్లయింట్ చేశాడు, మా అమ్మకి సదువు రాదని చెప్పినవ్ గాని ఆమెకు అన్నీ తెలుసని. పిల్లల చదువు పట్టించుకోవడానికి తమకి ఇంగ్లీషు రాదే, తెలుగు రాదే అని వెనకాడే తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే ఈ ముక్క చెప్పండి. వినడం వస్తే చాలు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు కాబట్టి టకటకా చెప్పేస్తా. తార్నాకలో 'మంచి పుస్తకం' వాళ్లవి తక్కువ ధరలో, బొమ్మలతో బాగుంటాయి. చెన్నై తూలిక వాళ్లు ఒకే పేజీలో ఇంగ్లీషు, తెలుగు రెండూ వేసిన పుస్తకాలు తెస్తారు, అమ్మ ఒక భాష నాన్న ఒక భాష చదవడానికి పనికొస్తాయి. కాచిగూడ నవోదయకి వెళ్తే పిల్లల పుస్తకాల కోసం అడగండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితం, నాలుగు స్థాయుల్లో ఉంటాయి, ప్రింట్ తీసుకోవచ్చు కూడా. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కుప్పల్లో పిల్లల్ని వదిలేసి, బేరం వాళ్లనే ఆడమనండి. చలికాలంలో ఇందిరా పార్క్ దగ్గర బుక్ ఫెయిర్ ఎలాగూ ఉంది. వాళ్లు ఏరుకున్నది మనకి చెత్తగా అనిపించినా నోరు మూసుకుని కొనాలి, ఇది మాత్రం కష్టం.

కొనలేనివాళ్ల కోసం గ్రంథాలయాలు ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి, పైగా వాటికి డబ్బులు కూడా మనమే కడుతున్నాం. ఇంటి పన్ను బిల్లు ఒకసారి తీసి చూడండి, అందులో లైబ్రరీ సెస్ అని ఉంటుంది, పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. 1901లో సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పుట్టిన ఊరు మనది. ఇప్పుడు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే కుర్చీ దొరకదు, నిండా గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే పిల్లలే. వాళ్లని తప్పుపట్టను, అద్దె గదిలో చదువుకునే చోటులేక వస్తారు. కానీ లైబ్రరీ అంటే పరీక్షలకి చదివే చోటు అని ఆరేళ్ల పిల్లకి ఒక్క చూపులో అర్థమైపోతుంది.

మా ఇంటి దగ్గరి శాఖా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు నిచ్చెన వేస్తే గానీ అందని పై అరలో ఉండేవి. ఎవరూ అడగరు సార్, అందుకే పైన పెట్టాం అన్నాడు అక్కడి ఉద్యోగి. అపార్ట్‌మెంట్ నుంచి కొందరం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి మెంబర్‌షిప్ తీసుకుని, పుస్తకాలు కింది అరల్లోకి దించమని అడిగాం. వారం తర్వాత వెళ్తే దించేశాడు, దుమ్ము దులిపి మరీ. ఇప్పుడు ఆదివారం పొద్దున పిల్లలు నేలమీద బైఠాయించి ఒకళ్లకొకళ్లు చదువుకుంటూ ఒకటే గోల, అవతలి బల్ల దగ్గర కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్న అబ్బాయి 'జర మెల్లగ, తమ్మీ' అని కసురుతూనే ఆ కోతి మొసలి వీపు ఎక్కిందా లేదా అని చెవి ఇటే పెట్టి ఉంచుతున్నాడు.