కొత్తపేట ఆయన

బుధవారం. రాత్రి పది దాటింది.

పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఈ రోజు సెలవు పెట్టాను. ఆ పని పదింటికల్లా అయిపోయింది. ఇంటికి వచ్చేసరికి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నారు. ఎక్కడికి నాన్నా అంటే, "కరెంటు బిల్లు కట్టి వస్తానమ్మా" అన్నారు. రాత్రే ఫోన్లో కట్టేశానని చెప్పాను. అర నిమిషం పని అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాన్న ఏమీ మాట్లాడలేదు. సంచి తీసుకెళ్లి మేకుకు తగిలించారు. చొక్కా విప్పి, బొత్తాలన్నీ పెట్టి, మళ్లీ మడత వేసుకున్నారు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి ఆ చొక్కా మడత పెడుతుంటే చూసి నాకు కాఫీ గొంతు దిగలేదు.

పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసి రిటైరైనప్పటి నుంచి ఆయనకు నెలలో ఇదొక పెద్ద పని. గుంటూరు బ్రాడీపేట నాలుగో లైను నుంచి నడిచి వెళ్లడం, వరుసలో నిలబడటం, రసీదు మీద సర్వీసు నంబరు సరిచూసుకోవడం, దారిలో టీ తాగడం. అన్నీ కలిపి రెండు గంటలు. ఇంటికి వచ్చాక వరుసలో విన్న కబుర్లు మా అమ్మకు చెప్పేవారు. అమ్మ పోయాక నాకు చెప్తున్నారు. నేను సగం వింటూ కూర తరిగేదాన్ని.

పై వాటాకు వేరే మీటరు ఉంది. ఆ బిల్లు ఇంకా కట్టలేదని గుర్తొచ్చింది. "పద నాన్నా, నేనూ వస్తాను" అన్నాను. చొక్కా మళ్లీ బయటికి వచ్చింది.

కౌంటరు దగ్గర ఐదుగురే ఉన్నారు. అందరూ పెద్దవాళ్లే, ఒక్క కుర్రవాడు తప్ప. అతను మీటరు పేరు మార్పిడి గురించి అడగడానికి వచ్చాడు. నాన్న వరుసలో నిలబడి గేటు వైపే చూస్తున్నారు. ఎవరి కోసమని అడిగాను. "కొత్తపేట ఆయన. ఎప్పుడూ పదో తారీకు దాటాక వస్తాడు. ఐదు నెలలైంది కనిపించి" అన్నారు.

ఆయన పేరేమిటి అని అడిగాను. తెలియదట. ఫోను నంబరు? "ఎందుకు తీసుకుంటాం? నెల తిరిగేసరికి ఇక్కడే కలుస్తాం కదా."

పదిహేనేళ్ల స్నేహం. ఆయన భార్యకు మోకాలి ఆపరేషన్ అయిందని నాన్నకు తెలుసు. చిన్నబ్బాయి హైదరాబాదులో ఉంటాడని తెలుసు, పచ్చిమిరపకాయ బజ్జీ తింటే కడుపులో మంట అని తెలుసు. పేరు తెలియదు. ఆ అబ్బాయి అక్కడి నుంచే ఫోన్లో బిల్లు కడుతున్నాడేమో. అంతే అయి ఉంటే ఎంత బాగుండును. మరొకటి అయి ఉంటే తెలుసుకునే దారి మాకు లేదు. కౌంటరులో అమ్మాయిని అడిగాం. పేరో సర్వీసు నంబరో చెప్పమంది. ప్రపంచంలో ఎవరినైనా వెతికి పెడుతుందనుకునే ఫోను నా చేతిలోనే ఉంది. అందులో ఏమని రాసి వెతకను?

ఇంటికి వచ్చాక ఇదంతా ఎప్పుడు మొదలైందా అని లెక్క వేసుకున్నాను. 2016 సెప్టెంబరులో ఉచిత డేటా వచ్చి ఇంటింటా ఫోన్లు తెరుచుకున్నాయి. రెండు నెలలకే నోట్ల రద్దు. చిల్లర లేక అవస్థపడి ఫోన్లో డబ్బు పంపడం నేర్చుకున్నాం. 2017 డిసెంబరులో రాష్ట్రంలో ఫైబర్ నెట్ ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకే కనెక్షన్ అన్నారు. ఆ తీగ కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. 2025 జనవరి 30న ప్రభుత్వ పనులు ఫోన్లోనే చేసిపెట్టే ‘మన మిత్ర’ 161 సేవలతో వాట్సాప్‌లోకి వచ్చింది. కరెంటు బిల్లు అందులోనూ కట్టవచ్చు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా నేను సంతోషించాను. ఉద్యోగం చేసుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడదాన్ని, ఆ సంతోషం అబద్ధమని ఇప్పుడు ఎలా అంటాను?

ఎదురింటి దంపతుల సంగతే చూడండి. ఇద్దరికీ వినపడదు. కొడుకు పుణెలో. మామూలు ఫోను వాళ్లకు ఎన్నడూ అక్కరకు రాలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోను కిటికీకి ఆనించి, చేతులతో గంటసేపు కొడుకుతో మాట్లాడతారు. నిన్న ఆవిడ నవ్వుతుంటే మా వరండాలోంచి చూశాను. ముఖాముఖి అంటే అదే.

కాబట్టి ఇంటర్నెట్ మనుషుల్ని విడదీసిందని నేను ఒప్పుకోను. మనకు కావాలని తెలిసినవాళ్లను అది దగ్గర చేస్తుంది. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు రోజూ నాన్నకు కనిపిస్తాడు. కానీ కొత్తపేట ఆయనను నాన్న ఎంచుకోలేదు. కరెంటు బిల్లు తెచ్చి కలిపింది. ఇలా ఏదో ఒక పని మీద తగిలిన మనుషులు ప్రతి జీవితంలోనూ ఎందరు ఉంటారో! పనిని ఫోన్లోకి మార్చుకున్నప్పుడు వాళ్లను ఎక్కడ ఉంచాలో మనం ఆలోచించలేదు. నేనైతే ఆలోచించలేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

వచ్చే దారిలో నాన్న టీ కొట్టు దగ్గర ఆగారు. డబ్బు ఆయనే ఇచ్చారు, నోట్లతో. టీ చేసే అతను "చాలా రోజులైంది, ఒంట్లో బాగుందా పెద్దాయనా" అని పలకరించాడు. నాన్న బాగుందని చెప్పి, కొత్తపేట ఆయన ఇటు వచ్చాడా అని అడిగారు. పొడుగ్గా ఉంటాడు, తెల్లటి మీసం, గొడుగు వదలడు అని గుర్తులు చెప్పారు. అతను చాలాసేపు ఆలోచించి, వస్తే చెప్తానన్నాడు. నాన్న నా దగ్గర పెన్ను తీసుకుని బిస్కెట్ల డబ్బా మీద అంటించిన కాగితం ముక్కపై మా ఇంటి నంబరు, అడ్డరోడ్డు రాశారు. ఫోను నంబరు కూడా రాయమన్నాను. రాశారు, కింద చిన్నగా.

వచ్చే నెల బిల్లులు రెండూ పదో తారీకు దాటాకే కడతామని అనుకున్నాం.