నాటింగ్‌హామ్‌లో 'సర్' ఆడిన ఆట

నాటింగ్‌హామ్ వెళ్తున్నానంటే అందరూ రాబిన్‌హుడ్ కోసమే అనుకున్నారు. నేను వెళ్లింది థియేటర్ రాయల్ చూడటానికి. లండన్ సెయింట్ పాంక్రస్‌లో రైలెక్కి, నాటింగ్‌హామ్ స్టేషన్ నుంచి ట్రామ్‌లో రాయల్ సెంటర్ స్టాపుకు చేరితే, పక్కనే ఎత్తైన స్తంభాలతో 1865 నాటి ఆ నాటకశాల. "టికెట్ కొనకుండా గుమ్మం చూడ్డానికి ఇంత దూరమా?" అని ఆ ఊళ్లోనే ఉంటున్న మా బావ ఒకటే నవ్వు.

'ద రోర్ ఆఫ్ ద గ్రీస్‌పెయింట్ – ద స్మెల్ ఆఫ్ ద క్రౌడ్' అనే సంగీత నాటకం 1964 ఆగస్టులో మొదట ఆడింది ఇక్కడే. రాసింది లెస్లీ బ్రికస్, ఆంథొనీ న్యూలీ. కథంతా ఒక ఆట. సర్ అనే పెద్దమనిషి, కాకీ అనే పేదవాడు. వైకుంఠపాళిలో నిచ్చెనలన్నీ ఒకడికే దక్కినట్టు, రూల్స్ అన్నీ సర్‌వే. కాకీ గెలిచేలా ఉంటే అవీ మారిపోతాయి. ఇంత విప్పి చెప్పాక ఇక ప్రతీకలెందుకు అని నాకు కాస్త విసుగే.

కానీ ఒక ఘట్టం ఉంది. పేరు కూడా లేని ఒక నల్లజాతి మనిషి ఆటలోకి వస్తాడు. వీళ్లిద్దరూ రూల్స్ మీద కొట్లాడుకుంటుంటే, అతను తాపీగా మధ్యకు నడిచి గెలిచేస్తాడు. అప్పుడు పాడేదే 'ఫీలింగ్ గుడ్'. బ్రిటన్‌లో ఆ పాత్ర వేసిన సై గ్రాంట్ గయానాలో పుట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి జర్మన్లకు ఖైదీగా చిక్కాడు. 1965లో అమెరికన్ గాయని నీనా సిమోన్ గొంతులో పాట లోకమంతా తిరిగింది. నాటకం న్యూయార్క్ వెళ్లింది గానీ లండన్‌లో పెద్ద నాటకశాలలుండే వెస్ట్ ఎండ్‌లో మాత్రం ఆడనేలేదు.

తర్వాత బావ కోటకు తీసుకెళ్లాడు. పేరుకే కోట, కొండమీద ఉన్నది ఒక డ్యూక్ భవంతి. 1831లో ఓటుహక్కు సంస్కరణల బిల్లును ప్రభువుల సభ తోసిపుచ్చితే, దాన్ని వ్యతిరేకించిన న్యూకాజిల్ డ్యూక్ మీద కోపంతో జనం ఈ భవంతిని తగలబెట్టారు. డ్యూక్‌కు 21,000 పౌండ్ల పరిహారం వచ్చింది. డబ్బు తీసుకుని, కాలిన గోడల్ని అలాగే వదిలేశాడాయన!

"మీ నాటకంలో సర్ ఈయనేనన్నమాట" అన్నాడు బావ. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

1878లో ఆ గోడల మధ్యే మ్యూజియం తెరిచారు. వెళ్తే నాటింగ్‌హామ్ లేసు చూడకుండా రావద్దు.