యాభై ఎనిమిదీ, అరవై ఒకటీ

గుంటూరు, గురువారం రాత్రి

రేపు వరలక్ష్మీ వ్రతం. తెల్లవారగానే అమ్మ పూజ గదిలోని వెండి సామానంతా వరండాలో పరిచి విభూతితో తోమడం మొదలుపెట్టింది. కుందులు, పంచపాత్ర, ఉద్ధరిణి, ఆఖరున కలశం ముందు పెట్టే విక్టోరియా రాణి రూపాయి బిళ్ళలు. రెండు అమ్మమ్మ ఇచ్చినవి. మూడోది ఈ ఏడే పిన్ని పంపింది, ఇన్నాళ్ళూ ఆమె చెక్క పెట్టెలో గుడ్డలో చుట్టి ఉంది. రెండు తోమి, అరచేతిలో పెట్టి "చూడు నాన్నా, ఎలా తళతళలాడుతున్నాయో" అంది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగే వేళ అయిందని లేచి వెళ్ళింది. మూడోది విభూతి పళ్ళెం పక్కనే మిగిలింది.

తోమవద్దని ఏటా చెప్పాలనిపిస్తుంది, ఏటా ఊరుకుంటాను. ఇవాళా ఊరుకున్నాను. కానీ ఆఫీసులో ఉన్నంతసేపూ మనసు అక్కడే ఉంది. సాయంత్రం నేరుగా బ్రాడీపేటలో బాబాయి ఇంటికి వెళ్ళాను.

బాబాయి దగ్గర, నాణెం స్థితిని చూసి అంకె వేసే గ్రేడింగ్ సంస్థ ప్లాస్టిక్ పెట్టెలో బిగించి పంపిన రూపాయలు రెండున్నాయి. రెండూ విక్టోరియావే. ఒకదాని చీటీ మీద ఎంఎస్ (మింట్ స్టేట్) 61, రెండోదాని మీద ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్) 58. అరవై, ఆ పైన అంటే చలామణీలో అరగని నాణెం. యాభై ఎనిమిది అంటే అతి స్వల్పంగా అరిగినది. మొదటిదాన్నే బాబాయి ఎక్కువ ధర పెట్టి కొన్నాడు.

రెండింటినీ టేబుల్ దీపం కింద పెట్టి చాలాసేపు చూశాను. అరవై ఒకటి నిజంగానే అరగలేదు. కానీ సంచుల్లో ఒకదానికొకటి కొట్టుకున్న గాట్లు రాణి చెంప నిండా ఉన్నాయి, వెండి మెరుపు తగ్గి ఉంది. యాభై ఎనిమిదిలో కిరీటం కొన మీద, చెంప ఎత్తు మీద కాస్త రాపిడి. అంతే. అటూ ఇటూ వంచితే కాంతి బండిచక్రం ఆకుల్లా నాణెం మీద తిరుగుతుంది. అచ్చు పడినప్పుడు లోహం పరుచుకున్న సన్నని చారల వల్ల వచ్చే మెరుపు అది. తోమితే ముందు పోయేది ఆ చారలే. అంచు చుట్టూ తేనె రంగు, దాని లోపల పలుచని నీలం: గాలిలోని గంధకంతో వెండి ఏళ్ళ తరబడి కలిసి తెచ్చుకున్న రంగులు.

ఈ అంకెలకు మూలం 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత రాగి సెంటు నాణేల కోసం వేసిన 1 నుంచి 70 దాకా కొలత. 70 అంకె నాణెం 1 అంకె నాణేనికి డెబ్బై రెట్లు ధర పలకాలన్నది ఆయన లెక్క. అంటే ఆ కొలత పుట్టిందే ధర కోసం, అందం కోసం కాదు. 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడు ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు వచ్చాక ఆ అంకెలే పెట్టెల మీదికి ఎక్కాయి. గ్రేడ్ వేసేవారు అరుగుదల, గాట్లు, అచ్చు స్పష్టత, మెరుపు, చూపుకు ఇంపు అన్నీ చూస్తారు. కానీ అన్నిటినీ కలిపి ఒకే అంకె చేశాక, ఏది ఎక్కువై ఆ అంకె వచ్చిందో, ఏది తక్కువై ఆగిపోయిందో మనకు తెలియదు. ఎన్‌జీసీ ప్రత్యేకంగా కళ్ళకు ఇంపైనవాటికి అంకె పక్కన నక్షత్రం వేస్తుంది. అంకె ఒక్కటే చాలితే ఆ నక్షత్రం అవసరమే ఉండేది కాదు.

అలాగని అంకెను తీసిపారేయను. నకిలీ నుంచి, తోమి పాలిష్ చేసిన సరుకు నుంచి కొనేవారిని కాపాడేది అదే. 67, 68 దాకా వెళ్తే అంకె, అందం చాలావరకు కలిసే నడుస్తాయి. చిక్కంతా 58కీ 63కీ మధ్యనే.

బాబాయి ముప్పై ఏళ్ళు మిర్చి యార్డులో గుమాస్తాగా చేశాడు. "బస్తా మీద ఏమి రాసి ఉన్నా, చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తియ్యకుండా ఎవరైనా ధర చెబుతారా? కాయ విరిచి, రంగూ తోలూ చూశాకే కదా" అన్నాడు. అని, అరవై ఒకటిని సొరుగులో పెట్టేసి, యాభై ఎనిమిదిని దీపం కిందే ఉంచాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మూడో బిళ్ళ చేతిలోకి తీసుకుంది. ఈసారి ఆగలేకపోయాను. "దాన్ని తోమవద్దమ్మా, ముందు ఇలా దీపం దగ్గర తిప్పి చూడు" అన్నాను. తిప్పింది. అంచున నీలం కనబడగానే కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ తిప్పింది.

"వానాకాలం మబ్బులా ఉందే" అని, విభూతి పళ్ళెం పక్కకు జరిపి, బిళ్ళను మెత్తని గుడ్డ మీద పెట్టింది. రేపు కలశం ముందు దాన్ని అలాగే పెడతానంది.