అమ్మమ్మ క్యాలెండర్‌లో ఆరో వరుస

2026కి అమ్మమ్మ కోసం క్యాలెండర్ ఒకటి నేనే చేద్దామని కూర్చున్నాను. నెలకో ఇంటి ఫోటో, ఏ కాలానికి ఆ కాలం రంగు, పుట్టినరోజుల గళ్లలో ఎవరి ముఖం వాళ్లది, అంతే కదా, రెండు సాయంత్రాల పని అనుకున్నా.

మొదటి కాపీలో చలికాలం నెలలకి లేత నీలం మీద ముదురు నీలం అంకెలు, వానాకాలానికి లేత ఆకుపచ్చ మీద బూడిద రంగు పెట్టాను. స్క్రీన్ మీద చూస్తే నాకే ముచ్చటేసింది. అమ్మమ్మ దాన్ని దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని, "బాగుందిరా, ఇంతకీ తేదీలేవీ?" అంది. వయసు పెరిగేకొద్దీ కంట్లో లెన్స్ పసుపు రంగుకి తిరుగుతుంది, కంటిపాప చిన్నదై లోపలికి పోయే వెలుతురు తగ్గుతుంది, అందుకే నీలం ఏదో ఆకుపచ్చ ఏదో తేల్చుకోవడం కష్టమవుతుంది. ఇదంతా తెలిసి కూడా నా కళ్లతోనే డిజైన్ చేశాను చూడండి! ఇప్పుడు తెల్ల కాగితం, లావుపాటి నల్ల అంకెలు, కాలం రంగు పైన ఒక్క పట్టీలోనే. గ్లాసీ కాగితం కూడా మానేశా, వెలుతురు పడితే మెరిసిపోతుంది, పైగా దాని మీద పెన్ను సరిగ్గా రాయదు.

ఫోటోలు ఇంకో గోల. ఏ4 సైజులో 300 డీపీఐకి (అంటే అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ చేయాలంటే 3508 × 2480 పిక్సెళ్లు కావాలి, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలు కుదించుకుపోయి వస్తాయి కాబట్టి పాత ఆల్బమ్ తీసి స్కాన్ చేయాల్సొచ్చింది. వానల నెలకి ఎండలో తీసిన ఫోటో పెడితే అమ్మమ్మ వెంటనే పట్టేసింది.

అసలు సంగతి గళ్లలో ఉంది. అమ్మమ్మకి క్యాలెండర్ అంటే రాసుకునే పుస్తకం. కంటి చుక్కల సీసా మూత తీసిన రోజు చిన్న సున్నా చుడుతుంది, తను వాడే మందుని నాలుగు వారాలయ్యాక పారేయమన్నారు. అదే గడి నుంచి నిలువుగా నాలుగు గళ్లు దిగుతుంది, వేళ్లు మడిచి లెక్కపెట్టే పనే లేదు. నేనేమో చోటు కలిసొస్తుందని మే నెలలో 24, 31 రెండింటినీ ఒకే గడిలో ఇరికించాను (చాలా క్యాలెండర్లలో అలాగే ఉంటుంది లెండి). మే 3న చుట్టిన సున్నా నుంచి నాలుగు గళ్లు దిగితే తన వేలు కాగితం అంచు దాటిపోయింది.

ఆదివారంతో మొదలుపెడితే 2026లో మే, ఆగస్టు మాత్రమే ఆరు వరుసలు తీసుకుంటాయి. ఆ రెండిటి కోసం అన్ని నెలలకీ ఆరు వరుసలు వేసి, విప్పితే ఏ3 అయ్యేలా పెంచాను, పైన ఫోటో, కింద గళ్లు. ఫిబ్రవరి సరిగ్గా ఆదివారం మొదలై నాలుగు వరుసల్లో అయిపోతుంది కాబట్టి కింద రెండు ఖాళీ. అక్కడో చిన్న ఫోటో పెడదామా అన్నా.

"వద్దు, అక్కడ నేను రాసుకుంటా" అంది.