రంగు మారని గుంటలు

"అక్కా, మందు వేయని గుంటలన్నీ పసుపుపచ్చగా మారాయి. వేసినవి మాత్రం ఎర్రగానే ఉన్నాయి, చూడండి!" ల్యాబులో కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ దగ్గర నుంచే మా జూనియర్ కేక వేసింది. గుంటలంటే కణాలను పెంచే పలకలోని చిన్న చిన్న అరలు.

నిజమే. లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలు పెరిగేకొద్దీ ఆమ్లం వదులుతాయి, దాంతో వాటిని పెంచే ద్రవం రంగు మారుతుంది. మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు పడిన చోట ఆ పెరుగుదల ఆగిపోయింది. చూడటానికి ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ లాగే ఉండే ఈ మందు డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమును పట్టేసుకుంటుంది. ఇక కొత్త డీఎన్ఏ కట్టుకోవడానికి కణానికి సరుకు అందదు. మైక్రోస్కోపు కింద చాలా కణాలు ముడుచుకుపోయి కనిపించాయి.

ఆ అమ్మాయిది భీమవరం. "ఈ మందు వెనుక మీ ఊళ్లో పుట్టినాయన ఉన్నారు, తెలుసా?" అన్నాను. తెలియదట!

ఆయనే జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో తయారు చేసిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించారు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటిదే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ పిల్లల లుకేమియా చికిత్సలో వాడుతున్నారు. క్యాన్సర్ జీవశాస్త్రంలో చేరే మన పిల్లలకు ఆయన పేరు మొదటి వారంలోనే చెప్పాలి, ఇది నా గట్టి అభిప్రాయం.

అయితే కొన్ని కణాలు డీహెచ్ఎఫ్ఆర్ జన్యువుకు ప్రతుల మీద ప్రతులు తయారు చేసుకుని మందును తట్టుకుంటాయి. నా పరిశోధన ఆ మొండి కణాల మీదే. రేపటి నుంచి మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ వాటిని ఏరాలి.