జ్ఞానదంతం ముందు నిలబడి

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక కేసులో ఒక కుర్రాడిని వయసు నిర్ధారణకు తీసుకొచ్చారు. బడికి వెళ్ళలేదు, పుట్టిన తేదీ కాగితం లేదు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల కేసులు చూసే 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం ముందు బడి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం చూడాలి. రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష.

పళ్ళన్నీ ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీశాం. పదిహేను, పదహారేళ్ళకే మిగతా పళ్ళ వేర్లు దాదాపు పూర్తవుతాయి. ఆ తర్వాత కూడా ఎదుగుతూ ఉండేది జ్ఞానదంతం ఒక్కటే. డెమిర్జియన్ అనే పరిశోధకుడి బృందం 1973లో పళ్ళ ఎదుగుదలను ఏ నుంచి హెచ్ వరకు 8 దశలుగా విభజించింది. ఈ అబ్బాయిది జీ దశ. వేరు పూర్తి పొడవు వచ్చేసింది, కొన మాత్రం ఇంకా మూసుకోలేదు.

నాకు అక్కడే టెన్షన్ మొదలైంది. ఇదే దశ పదిహేడేళ్ళ వాడిలోనూ ఉంటుంది, పంతొమ్మిదేళ్ళ వాడిలోనూ ఉంటుంది. కొందరికైతే జ్ఞానదంతమే రాదు. కానీ కోర్టుకు కావలసింది పద్దెనిమిది నిండాయా లేదా అన్న ఒక్క మాట. ఆ మాట మీదే కేసు ఏ కోర్టుకు వెళ్ళాలో ఆధారపడి ఉంటుంది.

చేతి ఎముకల ఎక్స్‌రేలు కూడా చూశాక, మా మేడమ్ ఒక అంకె కాకుండా "17 నుంచి 19 మధ్య" అని రాయించారు. అదే నిజాయితీ అని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం.

బయట వాళ్ళమ్మ అడిగింది, "వానాకాలంలో పుట్టాడు డాక్టరమ్మా, ఎన్నేళ్ళని తేలింది?"

ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.