నొప్పి మోకాలి నుంచి మడమకు దిగింది

పరుగు మొదలుపెట్టిన రెండో ఏడాది నాకు ఎడమ మోకాలు నొప్పి వచ్చింది. చిప్ప వెనకాల ఎక్కడో ఉండేది, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించలేకపోయేదాన్ని. మూడు కిలోమీటర్ల దాకా ఏమీ తెలిసేది కాదు, ఆ తర్వాత మొదలయ్యేది. మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టం. చాలాసేపు కూర్చుని లేస్తే కాసేపు కుంటాల్సి వచ్చేది.

నాతో పరిగెత్తే పెద్దాయన ఒకరు చూసి, "పరిగెత్తేటప్పుడు నేల మీద మొదట మడమే ఆనిస్తూ దిగుతున్నావమ్మా, అందుకే ఈ నొప్పి. ముందు పాదం మీద, అంటే వేళ్ల వైపు భాగం మీద దిగడం అలవాటు చేసుకో" అన్నారు. ఆయన నా మేలు కోరే చెప్పారు. నేనూ చదివాను. చెప్పుల్లేకుండా పరిగెత్తే అలవాటున్నవాళ్లు ఎక్కువగా ముందు పాదం మీద దిగుతారనీ, మడమ నేలను తాకగానే వచ్చే దెబ్బ వాళ్ల కాలికి తగలదనీ 2010లో హార్వర్డ్ శాస్త్రవేత్త డేనియల్ లీబర్‌మన్ బృందం చూపించింది. 2012లో హార్వర్డ్ పరుగు జట్టులోని 52 మందిని పరిశీలిస్తే, మడమ మీద దిగేవాళ్లకు పదే పదే పడే ఒత్తిడి వల్ల వచ్చే గాయాలు దాదాపు రెట్టింపు ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ 52 మందీ తమకు అలవాటైన తీరులోనే పరిగెత్తుతున్నవాళ్లు. మధ్యలో తీరు మార్చుకుంటే ఏమవుతుందో ఆ లెక్క చెప్పదు. ఈ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

నా పాత షూకి డ్రాప్ 12 మిల్లీమీటర్లు. అంటే మడమ కింద సోల్, వేళ్ల వైపు సోల్ కన్నా అంత మందంగా ఉంటుందన్నమాట. దాన్ని పక్కన పెట్టేసి, డ్రాప్ అసలు లేని పల్చటి సోల్ షూ కొన్నాను. మొదటి వారమే పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. మోకాలు మాత్రం హాయిగా ఉంది! ఆ సంతోషంలో పిక్కల మాట పట్టించుకోలేదు, దూరం కూడా తగ్గించలేదు. నాలుగో వారం ఒక ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ పైన సూదులు గుచ్చినట్టు నొప్పి. పిక్క కండను మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్‌ను రెండు వేళ్లతో పట్టుకుంటే అక్కడ చిన్న ఉబ్బు తగిలింది.

ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి భయంగానే వెళ్లాను. ఆవిడ చెప్పింది విన్నాకే నాకు విషయం అర్థమైంది. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది, దాన్ని ఏదో ఒక భాగం మోయాల్సిందే. మడమ మీద దిగితే మోకాలికి ఎక్కువ పని. ముందు పాదం మీద దిగితే మోకాలికి కొంత తగ్గుతుంది, కానీ మడమ దబ్బున పడిపోకుండా ఆపే పని పిక్కకూ అకిలిస్‌కూ చేరుతుంది. ఇన్నేళ్లూ మందపాటి మడమ సోల్‌కు అలవాటుపడ్డ టెండన్ నెల రోజుల్లో గట్టిపడదు. కండ కన్నా టెండన్ చాలా నెమ్మదిగా బలపడుతుంది. 2013లో ఒక అధ్యయనంలో పది వారాల్లో పల్చటి షూకి మారినవాళ్లలో సగానికి పైగా మందికి పాదం ఎముకల్లో వాపు ఎక్కువైనట్టు ఎమ్మారైలో కనిపించింది. నాకు ఎముక దాకా రాకపోవడం అదృష్టమే.

తర్వాత మూడు నెలలూ ఒకటే వ్యాయామం. మెట్టు అంచున వేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి కాలి మీద నెమ్మదిగా మడమను కిందికి దించడం. పదిహేనేసి చొప్పున మూడుసార్లు, పొద్దున, సాయంత్రం. స్వీడన్ వైద్యుడు హకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతి ఇది. నా నొప్పి టెండన్ మధ్యలో కాబట్టి నాకు సరిపోయింది. సరిగ్గా మడమ ఎముకకు అతుక్కునే చోట నొప్పి ఉన్నవాళ్లు మడమను మెట్టు కన్నా కిందికి దించకూడదని ఆవిడ గట్టిగా చెప్పారు. విసుగొచ్చే పనే, కానీ ఆరో వారానికి పొద్దున్నే వేసే ఆ మొదటి అడుగు తేలికైంది.

మరి మోకాలి సంగతి? పక్క నుంచి వీడియో తీసి చూపించారు. మడమ ముందు తాకడం ఒక్కటే కాదు, పాదం నా ఒంటికి చాలా ముందుకు వెళ్లి పడుతోంది. నిమిషానికి 158 అడుగులు వేస్తున్నాను. వేగం మార్చకుండా 166కి పెంచమన్నారు, అంటే 5 శాతం. అడుగు దానంతటదే పొట్టిదైంది, పాదం ఒంటి కిందికి వచ్చింది. అడుగుల సంఖ్యను ఇలా కొంచెం పెంచినా మోకాలి మీద భారం తగ్గుతుందని 2011లోనే అధ్యయనం వచ్చింది. ఈ చిన్న మార్పు నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

షూ విషయంలో ఆవిడ సలహా తేలిక: వేసుకుని నాలుగడుగులు పరిగెత్తు, ఏది హాయిగా ఉంటే అది తీసుకో. పాదం వంపు చూసి షూ ఎంచుకోవాలని నేను గట్టిగా నమ్మేదాన్ని. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు అలా వంపును బట్టి షూలు ఇచ్చి చూస్తే గాయాలేమీ తగ్గలేదట. ఇప్పుడు నా దగ్గర 8 మిల్లీమీటర్ల డ్రాప్ ఉన్నది ఒకటి, కొంచెం తక్కువది ఇంకొకటి ఉన్నాయి. రోజు మార్చి రోజు వేసుకుంటాను.

పోయిన నెల మళ్లీ వీడియో తీశారు. మడమే ముందు తాకుతోంది, కాకపోతే మెత్తగా, ఒంటి కిందే. "ఇలాగే ఉండనివ్వు" అన్నారావిడ. ఆ వారం పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి, రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగాను.